సిలబస్ మార్చాలా, ఉద్యోగం చూసుకోవాలా?

ఈసారి ఉత్తరం తిరుపతి దగ్గర ఒక అటానమస్ (సిలబస్, పరీక్షలు తనే పెట్టుకునే) డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అమ్మాయి రాసింది. పేరు, ఊరు బయటపెట్టొద్దంది, పెట్టను. నాలుగు పేజీల ఉత్తరం, కుదించి చెప్తా.

నాలుగేళ్లుగా అక్కడే, కాంట్రాక్టు మీద. రోజూ బస్సులో పోను గంట, రాను గంట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. వచ్చే సంవత్సరం నుంచి సెకండ్ ఇయర్ వాళ్లకి డేటా అనాలిసిస్ అని కొత్త పేపర్ పెడతా ఉన్నారంట, సిలబస్ తయారుచేసే పని ఈ అమ్మాయి నెత్తిన పడింది. సిలబస్‌ని ఖాయం చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ మీటింగ్‌కి ఇంకా మూడు వారాలే ఉంది. హెచ్ఓడీ సార్ ఏమో "ఇంకో యూనివర్సిటీ సిలబస్ తీసుకొని యూనిట్లు కాస్త అటూ ఇటూ మార్చి పెట్టమ్మా, రెండు రోజుల పని" అంటారంట. ఆయన చెడ్డమనిషి కాదు అని కూడా తనే రాసింది.

మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పడానికి ఒక సంగతి రాసింది. ఎండ్ సెమ్‌లో, అంటే సెమిస్టర్ ఆఖరి పరీక్షలో, 70కి 64 తెచ్చుకున్న ఒక పాప, వాళ్లది పాడి ఇల్లు, ఒకరోజు వాళ్ల నాన్న పాల బిల్లు చూసి "సొసైటీ వాళ్లు ఫ్యాట్ తక్కువ వేసి మోసం చేస్తా ఉన్నారు నాయనా" అనిందంట. ఉదయం పాలు 12 లీటర్లు, ఫ్యాట్ 4.2. సాయంత్రం 5 లీటర్లు, ఫ్యాట్ 5.0. సగటు 4.6 రావాలి గదా, బిల్లులో 4.4 వేసినారు అని. ఆయన పాల కేంద్రం కాడికి పోయి గొడవ పెట్టుకొని, తప్పు కూతురిదేనని తెలిసి తలొంచుకొని వచ్చినాడంట. మర్నాడు ఆ పాప ఏడ్చుకుంటా వచ్చి ఈ అమ్మాయికి చెప్పింది.

ఇంకొకటి కూడా ఉంది. పోయిన సెమిస్టర్‌లో ఏదో కొత్తగా చేద్దామని 11వ వారంలో అందరికీ ప్రాజెక్ట్ ఇచ్చింది. మీ ఊర్లో డేటా తీసుకొచ్చి అనలైజ్ చెయ్యండి, 5 మార్కులు అని. పిల్లలు పోయి ప్రిన్సిపాల్‌కి కంప్లైంట్ ఇచ్చినారు, మేడమ్ నోట్స్ చెప్పడం లేదు, సిలబస్ పూర్తి కాలేదు అని. పాస్ పర్సంటేజ్ కూడా తగ్గింది. ఇంటాయన "నీకిచ్చే జీతానికి ఇంత అవసరమా" అంటాడంట. చివర్లో అడిగింది: "సార్ చెప్పినట్టు కాపీ కొట్టి ఊరుకోమంటారా, లేకపోతే నేననుకున్నట్టు చేసి మళ్లీ మాటలు పడమంటారా మేడమ్?"

అమ్మా, నీకు నా కూతురి వయసుంటుంది, నువ్వు అనే రాస్తా, ఏమనుకోవద్దు.

ముందు ఆ పాల బిల్లు సంగతి చూద్దాం, నీ ఉత్తరంలో అసలు విషయమంతా దాంట్లోనే ఉంది. 12ని 4.2తో, 5ని 5.0తో గుణించి కూడితే 75.4, దాన్ని 17 లీటర్లతో భాగిస్తే 4.43. బిల్లే కరెక్టు. ఇది భారిత సగటు, ఆ పాపకి రాని పాఠమేం కాదు, పరీక్షలో చేసే ఉంటుంది. మరి ఇంటికాడ ఎందుకు రాలేదు? మనం పరీక్షలో ఎట్లా ఇస్తామో చూడు. x అని ఒక గడి (ఇక్కడైతే ఫ్యాట్), w అని ఒక గడి (ఇక్కడైతే లీటర్లు) గీసి ఇస్తాం, పైన "భారిత సగటు కనుగొనుము" అని కూడా మనమే రాస్తాం. పిల్ల wx గుణించి, కూడి, భాగించి మార్కులు తీసుకుంటుంది. పాల బిల్లు మీద w అని ఎవరూ రాయరు కదమ్మా. ఇక్కడ వాడాల్సింది మామూలు సగటు కాదు, లీటర్లు కూడా లెక్కలోకి రావాలి అని కనిపెట్టడమే అసలు చదువు, ఆ పని మాత్రం పిల్లలకి ఒక్కసారి కూడా వదలకుండా మనమే చేసిపెట్టేస్తా ఉన్నాం. 64 మార్కులు అబద్ధం కాదు, ఆ 64 వేరే పని చేసినందుకు వచ్చినాయి, అంతే.

కాబట్టి సిలబస్ రాయడానికి కూర్చున్నప్పుడు యూనిట్ 1 అని మొదలుపెట్టొద్దు. ఒక తెల్లకాగితం తీసుకొని, ఈ పేపర్ అయిపోయినాక నా స్టూడెంట్ చేతికి ఏమిస్తే ఏం చెయ్యగలగాలి అని నాలుగైదు వాక్యాలు రాయి. పది రోజుల పాల బిల్లు ఇస్తే దాంట్లో సగటు ఎట్లా వచ్చిందో తనే పట్టుకోవాలి. పేపర్లో గ్రాఫ్ చూస్తే పక్కన నిలువు గీత సున్నా నుంచి మొదలైందా లేదా అని చూడాలి. రెండు విషయాలు కలిసి పెరిగితే ఒకదాని వల్లే ఇంకొకటి పెరిగిందని తొందరపడకూడదు. యాభై ఇళ్లు తిరిగి అడిగి ఊరంతా ఇట్లానే ఉందని అనొచ్చా, అనకూడదా చెప్పాలి. ఇట్లా. అది అయినాక పరీక్ష ప్రశ్నలు రాయి. ఆ తర్వాతే పాఠాలు. మనం అలవాటుగా చేసేదానికి ఇది పూర్తిగా తలకిందులు, మనం యూనిట్లు పేర్చి, పాఠాలు చెప్పి, ఆఖర్న పరీక్ష రోజు దగ్గరపడితే ప్రశ్నలు వెతుక్కుంటాం.

నీ ప్రాజెక్ట్ ఎందుకు బెడిసికొట్టిందో కూడా దీంతోనే అర్థమైపోతుంది. జాన్ బిగ్స్ అనే ప్రొఫెసర్ 1996లో ఇదే రాశాడు, పిల్లలు ఏం నేర్చుకోవాలి, క్లాసులో ఏం చేస్తారు, పరీక్షలో ఏం అడుగుతారు అనే మూడూ ఒకే దిక్కుకి పోవాలని. నీ క్లాసులో ఏమైంది? పాఠం పాతదే, ఎండ్ సెమ్ పాతదే, మధ్యలో ప్రాజెక్ట్ ఒక్కటే కొత్తది. పిల్లలకి అది అలిపిరికి టికెట్ కొట్టి శ్రీకాళహస్తిలో దిగమన్నట్టుంది. వాళ్లని సోమరులు అనుకోవద్దు, వాళ్లు లెక్క బాగానే వేసినారు: మూడు వారాలు ఊరంతా తిరిగితే 5 మార్కులు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు బట్టీ పడితే 70. నేనైనా బట్టీనే పడతా. పైగా 11వ వారం దాకా వాళ్ల చేత ఒక్క చిన్న డేటా కూడా ముట్టించకుండా ఒక్కసారిగా ఊరి మీదికి పంపినావు, ఈత రానివాణ్ణి పుష్కరిణిలో తోసినట్టు.

ఫీడ్‌బ్యాక్ విషయంలో ఒకటి చెప్తా, కొంచెం ధైర్యం వస్తుంది. 2019లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ క్లాసుల్లో ఒక పరిశోధన చేసినారు. పిల్లలు తామే తలబద్దలు కొట్టుకొని లెక్కలు చేసిన క్లాసులో ఎక్కువ నేర్చుకున్నారు, కానీ అడిగితే మాత్రం లెక్చర్ విన్నప్పుడే బాగా నేర్చుకున్నాం అన్నారు. చక్కగా సాగిపోయే లెక్చర్ వింటా ఉంటే అన్నీ వచ్చేసినట్టు ఉంటుంది, తానే చేస్తే తడబాటు బయటపడుతుంది, దాన్ని పాఠం బాగా చెప్పలేదు అనుకుంటారు. అందుకని మొదటి వారంలోనే ముందుగా చెప్పేయాలి, ఈ క్లాసులో మీకు కష్టంగా ఉంటుంది, ఎందుకు ఉంటుందో ఇదీ అని. నువ్వు చెప్పలేదు, నేను కూడా నా రోజుల్లో చెప్పలేదులే. ఇక పాస్ పర్సంటేజ్ భయానికి వస్తే, సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల మీద అంతకుముందు జరిగిన 225 పరిశోధనల్ని 2014లో ఒకచోట పెట్టి చూసినారు, వట్టి లెక్చర్ క్లాసుల్లో ఫెయిలైన వాళ్లు దాదాపు 34 శాతం, పిల్లల చేత పని చేయించిన క్లాసుల్లో దాదాపు 22 శాతం. అంటే సరిగ్గా చేస్తే పాస్ పర్సంటేజ్ తగ్గాల్సిన పని లేదు. సరిగ్గా అనే మాట దగ్గరే ఉంది తిప్పలంతా.

ఇప్పుడు సిలబస్‌లో ఏం తీసెయ్యాలి అనే దగ్గరికి వస్తా, ఎందుకంటే అందరూ ఏం పెట్టాలి అనే చూస్తారు. కాగితం మీద వారానికి 4 గంటలు, 15 వారాలు, 60 గంటలు. నీ ఉత్తరంలో నువ్వే రాసినావు, పోయిన సెమ్‌లో చేతికొచ్చింది 46 అని. బ్రహ్మోత్సవాలు, దసరా, నవంబర్లో వాయుగుండం అని సెలవులు, మిడ్ పరీక్షలు, ఏదో ఒక సెమినార్‌కి జనం కావాలని క్లాసులు ఖాళీ చేయించడం, ఇవి ఏ ఏడాదీ తప్పవు గదా, మరి 60 గంటలకి సిలబస్ ఎందుకు రాయాలి? 45కే రాయి. నేను మొదటిసారి ఒక పేపర్ తయారుచేసినప్పుడు పెళ్లికి సూట్‌కేసు సర్దినట్టు తెలిసిందంతా కుక్కినా, ఆఖరి యూనిట్ రెండు పీరియడ్లలో జిరాక్సులు పంచి అయిందనిపించినా. ఆ జిరాక్సుల మీద మర్నాడు కాంటీన్‌లో బజ్జీలు కనిపించినాయి.

ఏది తియ్యాలంటే, ఉదాహరణకి స్టెప్ డీవియేషన్ మెథడ్. దాని మీద ఎన్ని పీరియడ్లు పోతాయో నీకు తెలుసు. అది ఎందుకు పుట్టింది? చేత్తో లెక్క చేసే రోజుల్లో పెద్ద అంకెల్ని చిన్నవి చేసుకోడానికి. ఫోన్లో క్యాలిక్యులేటర్, ల్యాబ్‌లో ఎక్సెల్ పెట్టుకొని ఇంకా దాన్నే పట్టుకొని వేలాడతా ఉన్నాం. మోడ్, అంటే ఎక్కువసార్లు వచ్చే అంకె, కనుక్కోడానికి గ్రూపింగ్ టేబుల్ వేయించడం కూడా అంతే. స్క్యూనెస్‌కి, అంటే డేటా ఒక పక్కకి ఎంత ఒరిగిందో చెప్పేదానికి, పియర్సన్ ఒకటి, బౌలీ ఒకటి, కెల్లీ ఒకటి, మూడు సూత్రాలు బట్టీ పట్టిస్తాం, జీతాల లెక్కలో సగటు కంటే మీడియన్ (వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె) ఎందుకు నమ్మాలో మాత్రం చెప్పించం. నీ లిస్టులో ఒక్కో టాపిక్ ముందర పెట్టుకొని, ఇది అయిదేళ్ల తర్వాత కూడా చేతిలో ఉండాలా, వచ్చే సెమ్ పేపర్‌కి కావాలా, లేక ఊరికే ఒకసారి చూస్తే చాలా అని అడుగు. మూడో రకానివి తీసెయ్. రెండో రకానివి తియ్యొద్దు, వచ్చే సెమ్ చెప్పే లెక్చరర్ నిన్ను తిట్టుకుంటాడు.

కోర్స్ అవుట్‌కమ్స్, అంటే కోర్సు అయినాక పిల్లలకి ఏం రావాలో, రాసేటప్పుడు "అవగాహన కలుగును" అని మాత్రం రాయొద్దు తల్లీ. కలిగిందో లేదో ఎట్లా కొలుస్తావు? నేర్చుకోవడాన్ని మెట్లుగా విడగొట్టిన బ్లూమ్ ట్యాక్సానమీ 1956లో వచ్చింది, 2001లో సవరించినారు, గుర్తుపెట్టుకోవడం, అర్థం చేసుకోవడం, వాడడం, విడదీసి చూడడం, తూచి చెప్పడం, కొత్తగా తయారుచెయ్యడం అని ఆరు మెట్లు. మన కాలేజీల ఫైళ్లలో నాలుగో మెట్టు, ఐదో మెట్టు రాసుంటుంది, పక్కనే మ్యాపింగ్ టేబుల్‌లో 3, 2, 3, 1 అని అంకెలు నింపుంటాయి, కాలేజీల నాణ్యత చూసే నాక్ టీమ్ వచ్చే ముందు రాత్రి కూర్చొని ఎవరు నింపినారో మనకి తెలియంది కాదు. ప్రశ్నపత్రం మాత్రం "అంకమధ్యమం నిర్వచించి దాని గుణదోషాలు రాయుము" దగ్గరే ఉంటుంది, అంటే మొదటి మెట్టు.

సరే, ఇక నీ ముందర ఉండే దారులు.

ఒకటి, సార్ చెప్పినట్టు చెయ్యడం. సిలబస్ కాగితం ఆయన చెప్పినట్టే ఇచ్చేసి, నీ చేతిలో ఉన్న 30 ఇంటర్నల్ మార్కుల్లో మాత్రం నీ పని చేసుకోవడం. దీన్ని పిరికితనం అనుకోవద్దు. ఎవరూ అడ్డుపడరు, ఉద్యోగానికి ఇబ్బంది లేదు, ఒక సెమ్ నడిపితే చేతిలో రుజువు ఉంటుంది. నష్టమేందంటే ఎండ్ సెమ్ 70 అట్లానే ఉంటాయి కాబట్టి పిల్లల మనసు సగం అటే లాగుతుంది, నువ్వు కాలేజీ మారితే నీతోపాటే అంతా పోతుంది.

రెండు, బోర్డులోనే పెట్టి సిలబస్, మోడల్ పేపర్ రెండూ మార్పించడం. ఇది నిలబడుతుంది, నీ తర్వాత వచ్చేవాళ్లకీ ఉంటుంది. కానీ మూడు వారాల టైము, కాంట్రాక్టు ఉద్యోగం, పోయినసారి కంప్లైంట్ ఇంకా ప్రిన్సిపాల్ టేబుల్ మీదే ఉంది. అది ఓడిపోతే మళ్లీ ఇంకో రెండేళ్లు నోరెత్తలేవు.

మూడో దారి, రెండు క్రెడిట్ల చిన్న స్కిల్ కోర్సు ఏదైనా నువ్వే పెట్టుకొని అక్కడ ప్రయోగాలు చెయ్యడం. హాయిగా ఉంటుంది, అయితే అప్పటికే ఆసక్తి ఉన్న పది మందే వస్తారు, పాల బిల్లు పాప లాంటోళ్లు రారు. నాకు ఇది అంతగా రుచించదు, అయినా నీ ఓపిక నీది.

నన్నడిగితే ఒకటికీ రెండుకీ మధ్యలో ఒక సందుంది. సిలబస్‌లో యూనిట్ల పేర్లు ఎక్కువ కదిలించకు, మోడల్ పేపర్ మీద పడు. అటానమస్ కాలేజీల్లో ఎండ్ సెమ్ పేపర్ ఎక్కువగా బయటి లెక్చరర్ల చేత పెట్టిస్తారు, వాళ్లకి పంపేది సిలబస్ కాగితం, మోడల్ పేపర్, అవే. పిల్లలకైతే సిలబస్ అంటే మోడల్ పేపరే, యూనిట్ల లిస్టు ఎవరు చదువుతారు. దాంట్లో 70కి 20 మార్కులకి డేటా ఇచ్చి అడిగే ప్రశ్నలు రెండు పెట్టించగలిగినావంటే, x, w గడులు గీయకుండా, పేపర్ సెట్టర్లు ఆ దారిలోకి వస్తారు, పిల్లలు వస్తారు, గైడ్ల వాళ్లు కూడా చచ్చినట్టు వస్తారు. ఇట్లా అడుగు: "ఒక రైతు మూడు రోజుల పాల కార్డు కింద ఇవ్వబడినది. బిల్లులో వేసిన సగటు ఫ్యాట్ తప్పని రైతు అంటున్నాడు. ఎవరిది సరైనదో లెక్క చేసి, రైతుకి అర్థమయ్యేలా నాలుగు వాక్యాలలో వివరింపుము." బట్టీ పట్టినవాడికి కూడా 50 మార్కులు అందుబాటులోనే ఉంటాయి, కాబట్టి పాస్ పర్సంటేజ్ మీద పిడుగు పడదు.

సార్ దగ్గరికి పోయేటప్పుడు పీపీటీ ఎత్తుకొని పోవద్దు. పాత పేపర్, నీ పేపర్ రెండు ప్రింట్లు తీసుకొనిపో, ఆ పాప సంగతి చెప్పు, 20 మార్కులకే సార్, మిగిలిందంతా మీరు చెప్పినట్టే అను. ఆయన భయాలు ఏంటో నువ్వు ఊహించుకో: పాస్ పర్సంటేజ్ పడితే యాజమాన్యం అడిగేది ఆయన్నే, నువ్వు సెలవు పెడితే ఆ పేపర్ చెప్పగలిగేవాళ్లు ఇంకొకరు ఉండాలి, పుస్తకం మార్కెట్లో దొరకాలి. ఇవి మూర్ఖపు భయాలు కావు. ఇంకోటి, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కి చైర్మన్ ఆయనే, కానీ యూజీసీ రూల్స్ ప్రకారం దాంట్లో వైస్ చాన్సలర్ నామినేట్ చేసిన సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్, బయటి నుంచి ఇంకో ఇద్దరు ఎక్స్‌పర్ట్‌లు, ఇండస్ట్రీ నుంచి ఒకరు, పాత విద్యార్థి ఒకరు ఉంటారు. చాలాచోట్ల ఆ ఇండస్ట్రీ మనిషి వచ్చి టీ తాగి సంతకం పెట్టి పోతాడు. మన జిల్లాల్లో డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, శ్రీసిటీలో కంపెనీలు, క్వాలిటీ సెక్షన్లో రోజంతా ఈ అంకెలతోనే పని. అట్లాంటి వాళ్లు మీ బోర్డులో ఉంటే "మీ దగ్గరికి వచ్చే పిల్లలకి ఏం రావడం లేదు సార్?" అని మీటింగ్‌లో ఒక్క ప్రశ్న సార్ చేతే అడిగించు. నువ్వు చెప్తే ఆవేశం అంటారు, ఆ ఇండస్ట్రీ మనిషి చెప్తే ఇండస్ట్రీ రిక్వైర్‌మెంట్ అంటారు. లోకం తీరు.

నీ ఓపిక సంగతి కూడా ఉంది, రెండు గంటలు బస్సులోనే పోతుంది నీకు. 58 మంది రిపోర్టులు ఒక్కోటి పది నిమిషాలు చూస్తే దాదాపు పది గంటలు, పోయినసారి అందుకే సగం దిద్ది వదిలేసినావు. ఒక్క పేజీకి మించి తీసుకోవద్దు. డేటా ఏంది, ఏం లెక్క చేశాను, ఎందుకు ఆ లెక్కే, ఇంట్లోవాళ్లకి చెప్పాలంటే ఏం చెప్తాను, అంతే. మూడు నిమిషాల్లో దిద్దొచ్చు, మూడు గంటల పని. ఆఖరి భాగం తెలుగులో రాయనియ్యి, ఇంగ్లిష్ మీడియం అయితే ఏం, నాన్నకి చెప్పాల్సింది తెలుగులోనే గదా. రెండో వారంలో అందరికీ ఒకే చిన్న డేటా ఇచ్చి క్లాసులోనే చేయించు, నాలుగో వారంలో కావాలనే తప్పులు పెట్టిన డేటా ఇచ్చి పట్టుకోమను, ఏడో వారంలో నలుగురు కలిసి చెయ్యాలి, పదో వారంలో ఎవరికి వాళ్లు. దానికి 5 కాదు, 15 మార్కులు ఇవ్వు.

మిగిలిన 15లో మిడ్‌కి కొంచెం ఉంచి, వారం వారం పది నిమిషాల టెస్ట్ పెట్టు. అయిదు ప్రశ్నలు, మూడు ఈ వారంవి, రెండు నెల కిందటివి. పేపర్లు పక్కవాళ్లతో మార్చి దిద్దించు, నీకు భారం ఉండదు. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు చేసిన ప్రయోగంలో పాఠం మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత బాగా రాసినారు, వారం తర్వాత చూస్తే మాత్రం చదివింది మూసి గుర్తు తెచ్చుకొని రాసినవాళ్లే ముందున్నారు. ఎండ్ సెమ్ అయిదు నిమిషాల తర్వాత ఉండదు కాబట్టి ఇది బట్టీ బ్యాచ్‌కి కూడా లాభమే, ఆ మాట వాళ్లకి చెప్పు, వింటారు. నోట్స్ కూడా ఆపొద్దు. యూనిట్‌కి రెండు పేజీలు జిరాక్స్ ఇచ్చెయ్, ఆ కంప్లైంట్‌కి అక్కడితో చోటుండదు.

మీ ఇంటాయన అన్న మాట గురించి నేనేం అనను, ఆయన అన్నది జీతం గురించి, నువ్వు బాధపడేది వేరే దాని గురించి, ఇద్దరిదీ నిజమే. ఈ మూడు వారాల్లో సాయంత్రాలు ఎన్ని ఇవ్వగలవో ఆయనతోనే కూర్చొని చెప్పుకో, నా లెక్కన నాలుగు చాలు: ఒకటి ఆ తెల్లకాగితానికి, ఒకటి తీసెయ్యాల్సిన టాపిక్కులకి, రెండు మోడల్ పేపర్‌కి.

ఇంకొక పని. ఆ పాప ఇంకా సిగ్గుపడతా ఉంటుంది, వాళ్ల నాన్న మాటలు పడింది తన వల్లే అని. పిలిచి మాట్లాడు. ఇంట్లో పాత పాల బిల్లులు ఉంటే నాలుగు తెమ్మని అడుగు, పేరు, కార్డు నంబరు తెల్లకాగితంతో మూసి జిరాక్స్ తీయించు. రెండో వారం డేటా అదే. పాపకి ఇష్టమైతే ఆ రోజు బోర్డు కాడ లెక్క తననే చెయ్యమను, ఇష్టం లేకపోతే ఎవరి ఇంటి బిల్లో క్లాసులో చెప్పొద్దు.